హాజిరా బీ వద్దన్నదట

ఆ గురువారం హాజిరా బీ మంచం పక్కన ఇంటివాళ్లెవరూ లేరు.

ఎప్పుడూ కూతురు నిషాత్ వెంట ఉంటుంది. నిషాత్‌కు వీలుకాకపోతే హాజిరా బీ భర్త రహ్మాన్ తొర్రూరులో కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దుకాణానికి తాళం వేసి మరీ వస్తాడు. ఆ రోజు నిషాత్ తన అన్న ఆమెర్‌తో కలిసి అతని పెళ్లి బట్టలకని హన్మకొండ పోయింది. రహ్మాన్‌కు ఎవరో హోటల్ వాళ్ల పెద్ద పొయ్యి అర్జెంటు పని తగిలింది. "నేనేమన్న చిన్న పిల్లనా? బస్సెక్కి పోత, బస్సెక్కి వస్త," అని హాజిరా బీ ఒక్కతే మానుకోట దవాఖానకు వచ్చి, డయాలసిస్ గదిలో కిటికీ పక్క మంచం మీద వాలి ఎడమ చెయ్యి చాపింది. టెక్నీషియన్ కుమార్ రెండు సూదులు గుచ్చి, గొట్టాలు కదలకుండా ప్లాస్టర్ అంటించి, మిషన్ మీద నొక్కాల్సినవి నొక్కి అవతలి మంచానికి పోయాడు.

ఎడమ చెయ్యి కదపకూడదు. కుడి చేత్తో ఆమె పిక్కలు గోక్కుంటూ పడుకుంది. ఆ దురద పైన చర్మంలో లేదు, లోపలెక్కడో ఉంది. ఎంత గోకినా దొరకదు.

"ఏం బీ, ఇయ్యాల నీ సిపాయిలు రాలే?" అంది పక్క మంచం మీది సోమ్లీ. కేసముద్రం దగ్గరి తండా ఆమెది.

"షాదీ పనులల్ల ఉన్నరు."

"షాదీకి నన్ను పిలుస్తవా లేదా? డాక్టరు మటన్ తినొద్దన్నడు గని, చూడొద్దనలే గద!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వినప్పుడు సోమ్లీ మెడ కింద అడ్డంగా ఉన్న సన్నని గాటు సాగింది. పోయిన ఎండాకాలం వరంగల్‌లో ఆమె మెడకు ఆపరేషన్ అయింది. అంతకుముందు సోమ్లీని కొడుకు వీపు మీద మోసుకొచ్చి మంచం మీద దించేవాడు. ఇప్పుడు ఆటో దిగి, తనే నడిచొచ్చి, చీర కొంగు దులుపుకుని మరీ పడుకుంటుంది. హాజిరా బీకి ఆ నడక చూసినప్పుడల్లా పెద్ద డాక్టరు మీద కోపం వచ్చేది. సోమ్లీకి చేయించిన ఆపరేషన్ నాకెందుకు చేయించడు, నేను కంటికి ఆనలేదా అనుకునేది. ఒకసారి నిషాత్‌ను అడిగింది కూడా. "నీకు అంత అవుసరం లేదన్నడు అమ్మీ, గోలీలతోనే తగ్గుతదట," అంది నిషాత్. కూతురు చదువుకున్న పిల్ల. అంతటితో ఆ మాట వదిలేసింది.

పెద్ద డాక్టరు నెలకోసారి వరంగల్ నుంచి వస్తాడు. వచ్చిన రోజు ఆయన చుట్టూ ఫైళ్లు పట్టుకున్న అన్నలు, చెల్లెళ్లు, కొడుకులు మూగుతారు. రోగి లోపల మిషన్ మీద ఉంటుంది, రోగం సంగతి బయట వరండాలో నడుస్తుంది. ఎవరి ఒంట్లో జబ్బో వాళ్లకు తప్ప అందరికీ చెప్పడం మన దవాఖానల మర్యాద. ఆ రోజు హాజిరా బీ ఫైలు పట్టుకుని వరండాలో ఎవరూ నిలబడలేదు కాబట్టి, ఆయనే మంచం దగ్గరికి వచ్చాడు.

"మీ అమ్మాయి రాలేదా అమ్మా? నొప్పులెలా ఉన్నాయి?"

"నడుము, మోకాళ్లు, మడిమెలు అన్నీ గుంజుతయి సారు. లేస్తుంటె బొక్కలు పటపటమంటయి. రాత్రంత గోకుడుకే సరిపోతది."

"మరి ఆపరేషన్ అంటే అంత భయపడితే ఎలా? రెండు నెలల నుంచి చెబుతున్నాను. కత్తి పెట్టనివ్వనని ఏడ్చారట కదా మీరు?"

ఆయన వేరే మంచం సంగతి మాట్లాడుతున్నాడేమోనని హాజిరా బీ పక్కకు చూసింది. సోమ్లీ ఆమె వైపే చూస్తోంది.

"ఎవలు సారు? నేనా?"

"మీరే. హాజిరా బీ వద్దన్నదట అని ఇక్కడ రాసి కూడా పెట్టుకున్నాను. మీ అమ్మాయే చెప్పింది."

హాజిరా బీ ఏడ్చి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. కిడ్నీలు పోయాయని చెప్పిన రోజు కూడా, ఇంటికొచ్చి, మధ్యలో ఆపిన చీర ఫాల్ కుట్టి పూర్తిచేసి, ఆ తర్వాతే అన్నం తిన్న మనిషి.

"సారు, జర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి. దేనికి ఆపరేషన్?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. మెడలో, థైరాయిడ్ వెనకాల, గింజల్లాంటి గ్రంథులు నాలుగుంటాయన్నాడు. ఒంట్లో కాల్షియం లెక్క చూసుకోవడం వాటి పని. కిడ్నీలు పోయాక వాటికి మతి తప్పుతుంది. ఎప్పుడూ కాల్షియం చాలడం లేదనుకుని, ఎముకల్లోది లాగి లాగి రక్తంలో పోస్తుంటాయి. మొదట్లో మాత్రలకు లొంగుతాయి. హాజిరా బీవి లొంగే దశ దాటి ఉబ్బిపోయాయి. మూడున్నర తీసేసి, సగం ముక్క మిగిల్చాలి.

"తీసేశాక ఎముకలు ఆకలి మీద ఉంటాయి. కాల్షియం అంతా లాక్కుంటాయి. అందుకని కొన్ని రోజులు అక్కడే ఉంచుకుని ఎక్కిస్తాం. తీయకపోతే మాత్రం ఊరికే కాలు జారినా తొంటి విరుగుతుంది. అప్పుడిక మంచమే. అది సరే, తిండి ఎలా ఉంది?"

"చప్పటిదే తింట సారు. గని బొక్కలకు బలమని మా ఆయన ప్రతి జుమ్మాకు పాయ చేస్తడు."

డాక్టరు చెయ్యి నుదుటికి పోయింది. "మేకకాళ్ల సూపా? అందులో ఉండేదంతా ఫాస్ఫరస్. అది చేరితేనే ఆ గ్రంథులు ఇంకా రెచ్చిపోయేది. మీ వాళ్లకు మొదట్లోనే చెప్పానే!"

లేచి నిలబడి, వచ్చే వారం వరంగల్‌లో ఒక మంచం ఖాళీ ఉందని, సర్కారు కార్డు మీదే అంతా అయిపోతుందని, శనివారం లోపల కుమార్‌తో చెప్పించకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుందని చెప్పాడు. "ఈసారి భయపడకండి," అని కూడా అన్నాడు. ఆ మాటకు హాజిరా బీకి ఒళ్లు మండింది.

*

మోసం అనే మాట ఆమెకు మొదట తట్టలేదు. నెల్లికుదురు దాటాక తట్టింది. బస్సు గుంతలో పడి లేచింది, నడుములో కత్తి దిగినట్టయింది, అప్పుడు. నొప్పి ఓర్చుకోలేక రాత్రుళ్లు గోడ పట్టుకుని కూర్చుంటే నిషాత్ లేచి వచ్చి కాళ్లు పిసికేది. ఈ మందు ఉందని తెలిసే పిసికిందన్నమాట. అది తలుచుకుంటే ఆ పిసుకుడు కూడా చేదుగా అనిపించింది.

బస్సు దిగి దుకాణం ముందు నుంచి పోతుంటే, రహ్మాన్ పొయ్యి బర్నర్‌లో పిన్నీసు పెట్టి మసి తీస్తూ తలెత్తాడు. "ఎట్లయింది?"

"ఎప్పటి లెక్కనే," అంది.

అడిగెయ్యొచ్చు. కానీ ఆమెకు ఒక ఆశ పుట్టింది. పెద్ద డాక్టరు వచ్చే రోజని వాళ్లకు తెలుసు. ఎవరో ఒకరు, "డాక్టరు ఏమన్నడు?" అని అడుగుతారేమో, అడిగి వాళ్లంతట వాళ్లే బయటపడతారేమో చూద్దామనుకుంది.

ఎవరూ అడగలేదు. నిషాత్, ఆమెర్ సంచులు మోసుకుని వచ్చారు. మంచం నిండా బట్టలు పరిచారు. పెళ్లికూతురికి పెట్టాల్సిన ఎర్ర ఖడా దుపట్టాకు అంచు కుట్టే పని హాజిరా బీది. దర్జీ దుకాణంలో కుట్టిస్తామంటే ఆమె వినలేదు. ఆమె గోడకు చేరగిలబడి, బంగారు రంగు గోటా పట్టీని గుడ్డ అంచు మీద ఆనించి, బొటనవేలితో నొక్కి పట్టి, చిన్న చిన్న కుట్లు వేస్తోంది. బొటనవేలు కీలు దగ్గర సలుపుతోంది. నాలుగు కుట్లకోసారి సూది దించి వేళ్లు విదిలించుకుంటోంది.

రోజూ లాగే ఆ వేళకు సబీహా ఫోన్ చేసింది. భూపాలపల్లి పిల్ల. తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. సంబంధం కుదిరిన నాటి నుంచి ఆ పిల్లకు ఆమెర్‌తో కంటే కాబోయే అత్తతోనే మాటలెక్కువని ఇంట్లో ఎకసెక్కం.

"ఖాలా, తొర్రూరు స్కూల్‌ల మాట్లాడిన. షాదీ అయినంక చేరుతనంటే సరే అన్నరు. పొద్దుగాల పోయి సాయంత్రం వస్త. మీకేం తక్లీఫ్ లేదు గద?"

"నాకేం తక్లీఫ్ బేటీ? మంచిగ చెయ్యి."

బట్టలు మడత పెడుతున్న నిషాత్ చేతులు ఆగాయి. తండ్రి వైపు చూసింది. రహ్మాన్ గొంతు పెంచి, "చేసుకోనీ, చేసుకోనీ! మన ఇంట్ల ఎవలు వద్దంటరు?" అన్నాడు. ఇంత మంచి మామ దొరకడని ఫోన్‌లో సబీహా నవ్వింది.

*

శుక్రవారం వచ్చింది. జుమ్మా రోజు పాయ రహ్మాన్ చేతి పని. ఇంకెవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వడు. పొద్దున్నే తెచ్చిన మేకకాళ్లను నిప్పు మీద కాల్చి, కత్తితో గీకి, వేడినీళ్లలో కడిగి, మిరియాలు, అల్లం వేసి తాను బాగుచేసిన కుక్కర్‌లో పెడతాడు. మసీదు నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఆ వాసనే ఉంటుంది. ముందు గిన్నె ఎప్పుడూ హాజిరా బీకే. ఆమె తాగే దాకా ఎదురుగా కూర్చుంటాడు. రోగిష్టి పెళ్లాన్ని ఇంత చూసుకునే మొగుడు ఈ గల్లీలో ఉన్నాడా అని చుట్టుపక్కల ఆడవాళ్లు అంటుంటే, నిన్నటి దాకా ఆమెకూ గర్వంగానే ఉండేది.

గిన్నె ముందు పెట్టాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"తాగు, సల్లారుతది."

"నిన్న డాక్టరు ఒక మాట అన్నడు, ఆమెర్ అబ్బా. నేను ఏడ్చిన్నట."

"ఎందుకు?"

"ఆపరేషన్ వద్దని."

రహ్మాన్ గరిటెను కుక్కర్‌లోనే వదిలేశాడు. కాసేపు మూతకు రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టు దాన్ని తిప్పాడు. ఆ తిప్పడంలోనే ఆమెకు జవాబు దొరికింది. అయినా అతని నోటితో వినాలని కూర్చుంది.

"షాదీ మూడు వారాలల్ల పెట్టుకుని ఆపరేషన్ అంటె ఎట్ల హాజిరా? పిల్ల వాళ్లు ఏమనుకుంటరు? తారీఖు జరుపుదమంటరు. జరిగితె మల్ల ఎప్పటికో! షాదీ కానీ, తెల్లారే తీస్కపోదమనుకున్న."

"రెండు నెలల కింద చెప్పిండట గద. అప్పుడే అయితే ఈపాటికి నేను సోమ్లీ లెక్క నడుస్తుంటి."

"అప్పుడు షాదీ బాత్ పక్కా చేస్తుంటిమి."

"పాయ సుత వద్దన్నడట."

"ఆ డాక్టర్లు అన్నీ వద్దంటరు. బొక్కలకు బొక్కలే తాకత్. షాదీ దాక నువ్వు నిలవడాలని, గట్టిగుండాలనే గద ఇంత కష్టపడి చేస్తున్న!"

అతను నిజంగానే నమ్మి అంటున్నాడు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది. పగతో చేసినవాణ్ణి తిట్టొచ్చు. ప్రతి జుమ్మాకూ ప్రేమగా గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చునేవాణ్ణి ఏమని తిట్టాలి?

"ఆపితె ఆపినవు. నేను ఏడ్చిన అని ఎందుకు చెప్పిచ్చినవు? నా పేరు మీద వద్దనుడెందుకు?"

"అల్లా కసమ్, అది నాకు తెల్వదు. షాదీ దాక ఆపుదమని మాత్రమే అన్న. డాక్టరు తోని మాట్లాడింది నిషాత్. ఏం మాట్లాడిందో నేనడగలే."

గిన్నె మీద నూనె తెట్టు కట్టింది. హాజిరా బీ దాన్ని అతని వైపు జరిపి, గోడ పట్టుకుని లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది. రహ్మాన్ చెయ్యి అందించబోతే వద్దంది.

*

శనివారం నిషాత్ వెంట వచ్చింది. బస్సులో తల్లికి కిటికీ పక్క సీటు ఇచ్చి, నడుము వెనక ఎప్పటిలాగే చున్నీ మడిచి పెట్టింది. రాత్రే తండ్రి చెప్పి ఉంటాడు. మానుకోట దవాఖానలో లోపలి మంచాలు ఖాళీ కాలేదని బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు తనే మొదలుపెట్టింది.

"నీకు చెప్తె నువ్వు ఒప్పుకుంటవని నాకు తెలుసు అమ్మీ. అందుకే చెప్పలే."

"డాక్టరుకేమో నేను ఒప్పుకుంటలేనని చెప్పినవు."

"ఇంట్లోళ్లు ఆపుతున్నరంటె ఆయన తిడుతడు. నువ్వే భయపడుతున్నవంటె ఏమనడు. నోట్లకెళ్లి అట్ల వచ్చేసింది. రెండోసారి అడిగితె ఏడ్సింది అని సుత చెప్పిన."

"మీ అబ్బా షాదీ ఆగుతదని భయపడ్డడు. నీకేమాయె?"

నిషాత్ బెంచీ చెక్కను గోరుతో గీకుతూ కూర్చుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. నర్సింగ్‌లో సీటు వస్తే, తల్లి వెంట తిరిగేవాళ్లు లేరని మానుకుంది. ఈ బెంచీ మీద ఆమెకు మూడేళ్లు గడిచాయి. ఆ సంగతి హాజిరా బీకి తెలుసు. తెలిసీ ఎప్పుడూ పైకి అనలేదు.

"వదినె వస్తె జర నాకు సెలవు దొరుకుతదనుకున్న అమ్మీ," అంది నిషాత్. "ఇంట్ల ఇంకొక మనిషి ఉంటది. నీ వెంట ఆమె వస్తది. నేను మల్ల కాలేజీకి పోత. షాదీ ముందట్కి పోతె నాది సుత పోతది. నా మీద నాకే శరమ్ అయితున్నది గని, అట్లనే అనుకున్న."

"సబీహా స్కూల్‌కు పోతనన్నది గద?"

"అబ్బా షాదీ అయినంక ఆమెకు సమజాయిస్తనన్నడు."

హాజిరా బీ కూతురి మొహం చూసింది. తనకేమీ చెప్పకుండా తన 'వద్దు'ను వాళ్లే చెప్పారు. ఆ పిల్లకేమీ చెప్పకుండా ఆ పిల్ల 'సరే'ను కూడా ఇప్పుడే తీసుకునేశారు.

"ఆ పిల్లకు నా సంగతి ఎంత ఎరుక?"

"జర కిడ్నీ కమ్జోర్ అని చెప్పినం."

"డయాలసిస్ అని?"

నిషాత్ తల అడ్డంగా ఊపింది. "మంగ్నీ నాడు సూది గాట్లు కనవడకుండ నీకు ఫుల్ చేతుల కుర్తా కుట్టిచ్చింది అందుకే."

ఆ నిశ్చితార్థపు కుర్తా రంగు బాగుందని, కూతురు ఎంత ముచ్చటగా ఎంచి తెచ్చిందని హాజిరా బీ పదిమందికి చెప్పుకుంది. ఇప్పుడు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పిల్ల వాళ్లకు అంతా చెప్పామని రహ్మాన్ అంటే నమ్మింది. ఎదురుగా కూర్చుని ఆ పిల్ల తలపై చెయ్యి కూడా పెట్టింది.

లోపలి నుంచి కుమార్ పేరు పిలిచాడు. ఆమె లేచింది. తల తిరిగి బెంచీ అంచు పట్టుకుంటే, నిషాత్ భుజం ఇచ్చింది. ఈసారి వద్దనలేదు. ఆ భుజం కూడా బక్కచిక్కి ఉంది.

"కుమార్, పెద్ద సారుకు ఫోన్ చెయ్యి బిడ్డా," అంది మంచం మీద వాలుతూ. "హాజిరా బీ ఆపరేషన్‌కు వస్తనన్నదని చెప్పు. నేను చెప్పిన్నని చెప్పు. ఇంకెవలు చెప్పినా ఇనొద్దని సుత చెప్పు."

పక్క మంచం మీద సోమ్లీ, "శెబాష్ బీ!" అంది. నిషాత్ ఫైలు గుండెలకు ఆనించుకుని గోడ పక్కన నిలబడి ఏడ్చింది. హాజిరా బీ ఆపమనలేదు. కొంతసేపు ఏడవనిచ్చి, "కాలేజీ సంగతి నాతోని చెప్తె నేను ఒక్కదాన్నే బస్సెక్కుతుంటి గద," అంది. "మొన్న ఎక్కలేనా?"

*

సాయంత్రం ఇంట్లో అందరూ ఉన్నారు. ఆపరేషన్ ఖాయమైందని తెలిసి ఆమెర్ గడప దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. తనకు కొంతే తెలుసని అన్నాడు. ఎంత తెలుసో తల్లి అడగలేదు. రహ్మాన్ మాత్రం దారి వెతుకుతున్నాడు. వరంగల్‌లో చేరితే చేరనీ, భూపాలపల్లి వాళ్లకు ఊరికే చెకప్ అని చెబుదాం, షాదీ నాటికి కుర్చీలో కూర్చోబెడదాం అన్నాడు.

ఫోన్ మోగింది. సబీహానే.

"నాకియ్యి," అని రహ్మాన్ చెయ్యి చాపాడు. హాజిరా బీ ఫోన్‌ను తన ఒడిలోకి లాక్కుంది.

"బేటీ, జర పక్కకు పోయి కూసో. ఒక సంగతి చెప్పాలె."

"చెప్పండి ఖాలా."

"నాకు రెండు కిడ్నీలు లేవు బేటీ. మూడేండ్ల సంది డయాలసిస్ మీద బతుకుతున్న. రోజు ఇడిచి రోజు మానుకోట పోవాలె, ఒకలు వెంట ఉండాలె. మంగ్నీ నాడు నా చెయ్యి కప్పుకున్నది అందుకే. అది కప్పుకునేదని నాకు అప్పుడు తెల్వదు. వచ్చే వారం నా మెడకు ఆపరేషన్. షాదీ నాటికి లేస్తనో లేవనో."

"హాజిరా!" అన్నాడు రహ్మాన్. ఆమె అతని వైపు చూడలేదు.

"నువ్వు వస్తె నన్ను నీకు అప్పజెప్తమని ఈడ అనుకున్నరు. స్కూల్ మాన్పిద్దమనుకున్నరు. నువ్వు వస్తవో రావో, నౌకరి చేస్తవో మానుతవో, అంత విన్నంక నీ నోటితోని నువ్వు చెప్పు. నీకు బదులు ఇంకొకల్ని చెప్పనియ్యకు."

అటు ఫోన్ కోసినట్టు లేదు. ఎక్కడో కుక్కర్ కూత, టీవీ చప్పుడు వినిపిస్తున్నాయి. ఆమెర్ లేచి నిలబడ్డాడు. నిషాత్ వంటగది తలుపు దగ్గర నుంచి కదల్లేదు. సంబంధం పోయిందని రహ్మాన్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

చాలాసేపటికి ఆ పిల్ల గొంతు వచ్చింది. కోపంగా లేదు. దెబ్బ తిన్న గొంతు.

"ఇదంత నాకు ముందుగాల ఎందుకు చెప్పలే ఖాలా?"

హాజిరా బీ తలెత్తి భర్తను చూసింది, కొడుకును చూసింది, కూతురిని చూసింది.

"నాకు సుత చెప్పలే బేటీ," అంది.